మూడో అప్పలమ్మని చంపలేకపోయిన పరాసు దొర

పినాంగు ఇంగ్లీషు పేపరు మా ఎస్టేటుకి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. ముందు పెద్ద దొర చదువుతాడు, తరవాత ఇక్కడ కిరాణీ అని పిలిచే ఆఫీసు గుమాస్తా చదువుతాడు, ఆ తరవాత అది నా బడికి వస్తుంది, పిల్లల పుస్తకాలకి అట్టలు వేయడానికి. పోయిన మంగళవారం ఒక లెక్కల పుస్తకానికి అట్ట వేస్తుంటే మడత దగ్గర ఆయన కనిపించారు. నాలుగే లైన్లు. ఫ్రెంచి నవలాకారుడు, పత్రికా రచయిత, కొంతకాలం మలయాలో ఉన్నవాడు, స్వదేశంలో కన్నుమూశాడు, పులుల మీద రాసిన వ్యాసాల వల్ల ప్రసిద్ధుడు, అని ఉంది.

పులుల వల్ల ప్రసిద్ధుడట! మా దగ్గరున్న మూడేళ్ళలో ఆయన పులిని చూసింది లేదు. చూసిందల్లా ఒక పునుగుపిల్లిని, అదీ వెనక నుంచి.

బడి వదిలాక తలుపు దగ్గరికి వేసుకుని కాసేపు ఏడ్చాను. ఆయనంటే నాకు ఇష్టం, ఆ మాట చెప్పడానికి ఈ వయసులో సిగ్గేమీ లేదు. అయితే ఏడవడం తేలికైన పని. ఈ కబురు మూడో అప్పలమ్మకి చెప్పాలి. అది ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజులు ఆవిడ ఉండే వైపు వెళ్ళకుండా చుట్టుదారిన తిరిగాను.

సుంగై సుమున్ దగ్గర కొబ్బరి ఎస్టేటు మాది. కూలీలు ఉండే ఇళ్ళ వరసల్ని ఇక్కడ లైన్లు అంటారు, వాటిలో ఉన్నవాళ్ళంతా విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. నేను భీమిలి మిషను బడిలో చదువుకున్నాను. పెళ్ళై ఇక్కడికి వచ్చిన రెండో ఏడే భర్త జ్వరంతో పోతే, వెనక్కి వెళ్ళే ముఖం లేక, ఎస్టేటు బడిలో అక్షరాలు దిద్దిస్తూ ఉండిపోయాను. ఇంగ్లీషు వచ్చిన తెలుగు మనిషిని ఇక్కడ నేనొక్కదాన్నే. అందుకే పెద్ద దొర ఒకనాడు పిలిపించి చెప్పాడు, ఫ్రాన్సు నుంచి ఒక రచయిత వచ్చాడు, ఖాళీగా ఉన్న చిన్న బంగళాలో దిగాడు, కూలీల మీద నవల రాస్తాడట, వెళ్ళి దుబాసీ పని చెయ్యి, ఏమైనా పిచ్చి ప్రశ్నలు అడిగితే వచ్చి నాకు చెప్పు అని. పిచ్చి ప్రశ్నలు చెప్పాలంటే నేను పెద్ద దొర బంగళాలోనే కాపురం పెట్టాల్సి వచ్చేది.

ఫ్రెంచివాళ్ళని మావైపు తాతల నాటి నుంచీ పరాసులు అనే అంటారు. కాబట్టి ఆయన పరాసు దొర అయ్యారు. మనిషి కొబ్బరిచెట్టంత పొడుగు, అంత సన్నం. రెండు చెవుల మీదా రెండు పెన్సిళ్ళు. కుడి చెవిది రాయడానికి, ఎడమ చెవిది కొట్టేయడానికి. ఎడమ చెవి పెన్సిలే తొందరగా అరిగిపోయేది.

సోమవారం నాడు మాత్రం ఆయన బూట్లు, పంట్లాము, కోటు, మెడకి టై, అన్నీ వేసుకుని వరండాలో చెమటలు కక్కుతూ కూర్చునేవారు. ఆ రోజు పారిస్ పేపరుకి వ్యాసం రాసే రోజు. మిగతా ఆరు రోజులూ బనీను, మలాయివాళ్ళు లుంగీలా కట్టే సారంగు. అవి నవల రాసే రోజులు. ఎందుకిలాగ అని అడిగితే, "పేపర్లో అబద్ధం ఆడచ్చు మేడం, మర్నాడు అందులో చేపలు చుట్టుకుంటారు. నవలలో ఆడకూడదు, అది చాలాకాలం ఉంటుంది. ఏది రాస్తున్నానో మర్చిపోకుండా బట్టలు మార్చుకుంటాను" అన్నారు. ఈ సంగతి నేను ఒక్కరికే చెప్పాను. వారం తిరిగేసరికి ఆడవాళ్ళు కొబ్బరి కల్లానికి వెళ్తూ ఆయన కోటు చూసి, "ఓలే, ఇయాల అబద్దాల రోజు" అని ముసిముసిగా నవ్వుకుంటూ పోయేవారు.

పునుగుపిల్లి సంగతి కూడా సోమవారమే జరిగింది. వంటింటి వెనక కోడిని ఎత్తుకుపోతుంటే ఈయన చూశారు. కోటు మీద ఉన్నారు కదా, పారిస్ చేరేసరికి అది పులైంది. ఆ మరుసటి సోమవారం ఆ పులి ఈయన వంటవాణ్ణి తినేసింది. మూడు నెలలకి ఆ పేపరు ముక్క ఎవరి చేతుల మీదుగానో పెద్ద దొర చేతికొచ్చింది. పెద్ద దొర ఎర్రగా కందిపోయి గుర్రం దిగి, "నా ఎస్టేటులో మనిషిని పులి తింటే లేబరు ఆఫీసుకి నేను సంజాయిషీ రాసుకోవాలి, తెలుసా?" అని కేకలేశాడు. పరాసు దొర లోపలికి చూసి, "చచ్చిపోయినవాడా, అయ్యగారికి టీ పట్రా" అన్నారు. వంటవాడు టీ తెచ్చాడు. "నన్ను తిన్నాక పులికి ఏటీ అవనేదా?" అని మాత్రం నన్ను అడిగాడు.

ఆయన నేర్చుకున్న మొదటి తెలుగు మాట "తరవాత ఏటి?" చాలాకాలం రెండో మాట అవసరం పడలేదు. బడి వదిలాక నేను వెళ్ళేదాన్ని. లైన్ల నుంచి ఎవరో ఒకరు వచ్చి వరండా మెట్టు మీద కూర్చుని తమ కథ చెప్పేవారు. పుట్టిన ఊరు, కరువు, ఓడ, వాంతులు, ఎస్టేటు. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని, ఆయన ఫ్రెంచిలో రాసుకునేవారు. ఎక్కడ ఆగినా "తరవాత ఏటి?" అనేవారు. చెట్లెక్కే అప్పలస్వామి ఒకడు, పుట్టిన దగ్గర్నుంచి ఆ రోజు పొద్దున్న తిన్న చద్దన్నం దాకా అంతా చెప్పేశాడు. "తరవాత ఏటి?" అన్నారు ఈయన. వాడు దిక్కులు చూసి, "తరవాత ఇక్కడికొచ్చి కూకున్నాను బాబూ" అన్నాడు. "తరవాత ఏటి?" అన్నారు మళ్ళీ. వాడు లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక మూడో అప్పలమ్మ. ఆవిడ కథ చెప్పడానికి రాలేదు. నా కాపలాకి వచ్చింది. మొగుడు పోయిన చిన్నది దొర వరండాలో రోజూ కూర్చుంటే నోళ్ళు ఊరుకుంటాయా? అందుకని యాభై దాటిన ఈ మనిషి తనంతట తానే వచ్చి, నాకూ ఆయనకీ మధ్య మెట్టు మీద కూర్చుని, తమలపాకు నములుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసేది. వారం తిరగకుండా ఆయన నన్ను వదిలేసి ఆవిణ్ణి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. నవల అంతా ఆవిడైపోయింది.

ఆవిడకి ఆ నంబరు ఎందుకొచ్చిందో చెప్పాలి. మా వాళ్ళలో పేర్లకి కరువు. సింహాచలం అప్పన్న మీద భక్తి కొద్దీ మగపిల్లాడైతే అప్పలస్వామి, ఆడపిల్లైతే అప్పలమ్మ. తెల్లవారుతుండగా ఆఫీసు ముందు అందర్నీ నిలబెట్టి పేర్లు పిలుస్తారు, దాన్ని ఇక్కడ పెరట్టు అంటారు. ఆ పెరట్టులో ఐదుగురు అప్పలమ్మలు ఉండేవారు. కిరాణీ వాళ్ళకి ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేసుకున్నాడు. పరాసు దొర రాకముందు ఒక ఏడు నాలుగో అప్పలమ్మ ఆసుపత్రిలో పోయింది. కిరాణీ హాజరు పుస్తకంలో మూడో అప్పలమ్మని కొట్టేశాడు.

పదకొండు రోజులు ఆవిడ పేరు పిలవలేదు. రోజూ వెళ్ళి నిలబడేది. "నానున్నాను కదా బాబూ, కనబడనేదా?" అనేది. "కనబడుతున్నావు, పుస్తకంలో లేవు" అనేవాడు కిరాణీ. పోయిన నాలుగో అప్పలమ్మని మాత్రం రోజూ పిలిచారు. పలకలేదు కాబట్టి, చెప్పకుండా మానేస్తోందని రాసుకున్నారు. చివరికి లేబరు ఆఫీసు దొర తనిఖీకి వచ్చి, మూడో అప్పలమ్మ చెప్పిందంతా రాసుకుని, కింద ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకుని తీసుకెళ్ళాక గానీ ఆవిడ బతకలేదు. నవ్వొచ్చే సంగతే, మేమూ నవ్వాం. కానీ ఆ పదకొండు రోజుల్లో ఆవిడ అద్దం చూసుకోలేదని నాతో ఒకసారి చెప్పింది. "ఒకేళ కనబడకపోతే?" అంది. అప్పుడు నేను నవ్వలేదు.

ఆవిడకి ఆ రోజుతో ఒక సంగతి ఖాయమైపోయింది. తెల్లవాడు ఎదురుగా కూర్చుని నువ్వు చెప్పింది రాసుకున్నాడంటే అది వాంగ్మూలం. కింద వేలిముద్ర లేకపోతే చెల్లదు, ఎవడైనా మార్చేస్తాడు. కాబట్టి పరాసు దొర పేజీ నింపగానే లేచి వెళ్ళి, ఆయన నీలంసిరా బుడ్డిలో వేలు ముంచి, పేజీ అడుగున ముద్ర వేసి వచ్చి కూర్చునేది. మొదటిరోజు ఆయన పరవశించిపోయారు. "నా జీవితంలో ఏ నవలకీ ఇంత గట్టి సాక్ష్యం లేదు" అన్నారు.

రెండో రోజు ఎడమ చెవి పెన్సిలు తీసి ఏదో కొట్టేయబోయారు. ఆవిడ గభాలున లేచి కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

"ముద్ర పడ్డాక మార్చకూడదు బాబూ. తప్పు."

"ఇది బాగా లేదు, ఇంకా బాగా రాస్తాను" అన్నారు ఆయన.

"బాగుండడానికేటి? జరిగింది జరిగినట్టుంది కదా" అంది ఆవిడ.

అలాగ ప్రపంచంలో ఏ నవలాకారుడికీ రాని కష్టం ఆయనకి వచ్చింది. దిద్దుకోవాలంటే కొత్త కాగితం మీద మొత్తం మళ్ళీ రాయాలి, ఆయన ఇంగ్లీషులో చెప్తే నేను మొత్తం మళ్ళీ తెలుగులో చెప్పాలి, ఆవిడ విని మళ్ళీ ముద్ర వేయాలి. "మూడో పేజీలో వాన ముందు వచ్చింది, మేక తరవాత వచ్చింది. ఇందులో మేక ముందొచ్చింది. ఏం?" అని నిలదీసేది. ఎడమ చెవి పెన్సిలు ఆ ఏడంతా కొత్తదానిలాగే ఉంది. ఆవిడ ఎడమ బొటనవేలు మాత్రం నీలంగా ఉండిపోయింది, పెళ్ళికూతురు గోరింటాకు కడుక్కోనట్టు.

మూడో ఏడు గొడవ వచ్చింది. ఒక సాయంత్రం ఆవిడ బల్ల మీద కాగితాల దొంతర తిరగేస్తూ, ముద్ర లేని పేజీలు పట్టుకుంది. పదిహేను ఉన్నాయి.

"ఇయ్యేటి? నాను లేనప్పుడు రాసినావా?"

ఆయన ఎర్రబడ్డారు. ఆ రోజు సారంగులో ఉన్నారు, కాబట్టి అబద్ధం ఆడడానికి వీల్లేదు. నాకు చెప్పారు, ఇవి ఆఖరి పేజీలు అని. అందులో ఏముందో కూడా చెప్పారు. నేను ఆవిడ వైపు తిరిగి, వీలైనంత మెత్తగా, "నీకు కొంచెం జ్వరం వస్తుందత్తా" అన్నాను.

"తరవాత ఏటి?" అంది మూడో అప్పలమ్మ.

నేను తల దించుకున్నాను. ఆవిడకి అర్థమైపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మెట్టు మీద కూర్చుండిపోయి, "మల్లీ కొట్టేసినారా" అంది.

ఆయన పాపం బతిమాలుకున్నారు. మూడు వందల పేజీలు నడిచి వచ్చిన పుస్తకం, చివర ఒక చావు లేకపోతే ఎటూ చేరదు, పారిస్‌లో ప్రచురణకర్త కూడా అదే రాశాడు, ఆ పదిహేను పేజీలంత బాగా నేను జన్మలో రాయలేదు, అన్నారు. అన్నీ చెప్పాను. ఆవిడ విని ఒక్కటే అడిగింది. "నాను బతికున్నానా నేదా? నవల్లో అబద్దం ఆడకూడదన్నావంట కదా?"

ఆ మాటని ఇంగ్లీషులో చెప్తుంటే నాకు లోపల్లోపల సంతోషమే కలిగింది, దాచుకోవడం ఎందుకు. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత మంగళ, బుధ, గురువారాలు కూడా కోటు వేసుకునే కూర్చున్నారు. లైన్లలో కలవరం పుట్టింది. ఇన్ని అబద్ధాలు ఎవరి మీద రాస్తున్నాడా అని.

శుక్రవారం బేరానికి దిగారు. నీ బదులు మొదటి అప్పలమ్మని పోనిద్దామా అన్నారు. ఈ మాట ఎలా పొక్కిందో, గంటలో మొదటి అప్పలమ్మ చీపురు పట్టుకుని బంగళా మెట్లెక్కింది. ఆవిడ్ని దింపడానికి వంటవాడూ నేనూ చాలా తంటాలు పడ్డాం. పోనీ పుస్తకంలో నీ పేరు మార్చేస్తాను, ఎవరో వేరే మనిషి పోయినట్టు ఉంటుంది, అన్నారు. మూడో అప్పలమ్మ నా వైపు తిరిగింది.

"అప్పుడు నాను పుస్తకంలో ఉండనట్టే కదా, పంతులమ్మా?"

"అవునత్తా."

"అదీ ఒకటే, ఇదీ ఒకటే" అంది.

ఆ నెలాఖరున ఆయన ఓడ. బాగన్ దాతు దగ్గర లాంచీ ఎక్కుతుంటే మేమంతా వెళ్ళాం. ఆవిడకి ఆయన ఏ మాటా ఇవ్వలేదు. "నిజమే రాస్తాను" అన్నారు, అంతే. లాంచీ కదిలాక మూడో అప్పలమ్మ గట్టు మీద పరిగెడుతూ, "సంపకు బాబూ! సంపకు లా!" అని, మలాయివాళ్ళు మాట చివర అనే 'లా' కూడా తగిలించి కేకలేసింది. లాంచీలో ఉన్న చీనావాళ్ళు, మలాయివాళ్ళు మాట అర్థం కాకపోయినా ఆయనకి దూరంగా జరిగి కూర్చున్నారు.

రెండేళ్ళ తరవాత పుస్తకం వచ్చింది. పచ్చ అట్ట, లోపల అంతా ఫ్రెంచి. ఒక్క ముక్క నాకు రాదు. ఆవిడ పుస్తకాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, ఒక్క ముద్ర కూడా లేదని పెదవి విరిచింది. "ఉన్నానో నేదో సూడు" అంది. తెలుక్ ఆన్సన్‌లో ఒక ఫ్రెంచి ఫాదరు ఉన్నాడు, తమిళం అరవవాళ్ళకంటే బాగా మాట్లాడతాడు. మా ఇద్దరికీ తమిళం వచ్చు. ఆదివారం లాంచీ ఎక్కి వెళ్ళాం. మూడో అప్పలమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. "సచ్చినానని సెప్తే మంచి బట్టల్లో ఉండాల కదా" అంది.

ఫాదరు గుడి వరండాలో కూర్చుని అక్కడక్కడా తిరగేస్తూ చదివి చెప్పాడు. వాన ముందు వచ్చింది, మేక తరవాత వచ్చింది. ఆవిడ తల ఊపింది. పదకొండు రోజుల సంగతి దగ్గర ఫాదరు తల ఎత్తి ఆవిణ్ణి చూశాడు. ఆఖరి అధ్యాయం వచ్చింది. "జ్వరం వచ్చింది" అన్నాడు ఫాదరు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

జ్వరం వచ్చింది ఆవిడకి కాదు. వరండాలో కూర్చుని అందరి కథలూ రాసుకునే తెల్లవాడికి. మూడో అప్పలమ్మ పక్కన కూర్చుని ఉంటుంది. తెల్లవారేసరికి ఆయన పోతాడు. ఆవిడ ఆయన కళ్ళు మూసి, ఆలస్యమైపోయిందని కొంగు దోపుకుని పరుగున పెరట్టుకి వెళ్తుంది. కిరాణీ పేరు పిలుస్తాడు. ఆవిడ పలుకుతుంది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

"మల్లీ సదవమను" అంది ఆవిడ. ఫాదరు మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదివాడు. అప్పుడామె నా చెయ్యి వదిలి తిట్లకి లంకించుకుంది. "పిచ్చి మాలోకం! సావకపోతే పుస్తకం అవదా? ఎవులూ దొరకనేదా? ఆ కిరాణీ గాడున్నాడు కదా, ఆణ్ణి సంపొచ్చు కదా!" తిడుతూ తిడుతూనే ఫాదరుకి దణ్ణం పెట్టింది.

తిరుగు లాంచీలో దినం పెట్టాలని తేల్చింది. నేను నెత్తి కొట్టుకున్నాను. "అత్తా, ఆయన గుండ్రాయిలాగ ఉన్నాడు. పుస్తకంతో పాటు ఉత్తరం కూడా వచ్చింది, పంటి నొప్పి తగ్గిందని రాశాడు."

"ఉత్తరం సేత్తో రాసిందా, అచ్చా?"

"చేత్తో రాసిందే."

"పుస్తకం?"

"అచ్చు."

"మరింకేటి?" అంది మూడో అప్పలమ్మ.

లైన్లలో ఒక్కరు కూడా ఆమెకి అడ్డు చెప్పలేదు. ఎండునెత్తళ్ళూ వంకాయా ఆయనకి ప్రాణం, అదే వండారు. గోత్రం ఏటని ఎవరో అడిగితే, పరాసు గోత్రం అని ఇంకెవరో సర్దేశారు. నేను క్రైస్తవురాల్ని, ఇలాంటి వాటిలో కూర్చోకూడదు. కూర్చున్నాను. వంటవాడు ఆయన వదిలేసి వెళ్ళిన కోటు తెచ్చి కుర్చీకి తగిలించి దండ వేయబోయాడు. "తియ్యి, అది అబద్దాల కోటు. సారంగు ఎట్టు" అంది ఆవిడ. సారంగు మడత పెట్టి కుర్చీలో పెట్టి, దానికి దండ వేశాం. గుంపు చూసి పెద్ద దొర గుర్రం దిగి, టోపీ తీసి, ఎవరు పోయారని మెల్లిగా అడిగాడు. చెప్పాను. "నిన్ననే నాకు ఉత్తరం..." అని మొదలుపెట్టి, అందరి ముఖాలూ చూసి, మళ్ళీ టోపీ పెట్టుకోలేదు. ఆకులో వడ్డించిన కూర తిని కళ్ళు తుడుచుకున్నాడు. అది కారానికే.

అన్నీ అయ్యాక ఏడుపు మిగిలింది. మావైపు ఆడవాళ్ళు పోయిన మనిషిని పేరు పెట్టి ఏడవరు, వరస పెట్టి ఏడుస్తారు. కొడకా, తమ్ముడా, అయ్యా, ఏదో ఒకటి కావాలి. మూడో అప్పలమ్మ కొంగు నోటి దగ్గర పెట్టుకుంది, ఆగిపోయింది. దొరా అందామంటే అది కొలువు మాట. కొడుకు అనడానికి ఇంచుమించు తన ఈడు మనిషి. తమ్ముడైతే ఒక్కసారైనా ఇంటికొచ్చి తినాలి, ఆయన వరండా దిగితే కదా!

"పంతులమ్మా, ఈయన నాకేటవుతాడు?"

"నీ బదులు పోయినవాడత్తా" అన్నాను.

"దానికి వరసేటి?"

నలభై మంది నా వైపు చూశారు. అక్షరాలు నేర్పే మనిషిని కదా. నాకు తెలియలేదు. ఆవిడ కొంగు దించేసుకుని, "అయితే లెగండి, ఆకులు తియ్యండి" అంది. ఎవరూ ఏడవలేదు.

ఇదంతా ఆయనకి రాసి పంపాను, కోపం వస్తుందేమో అనుకుంటూనే. జవాబు నాలుగు పేజీలు వచ్చింది, అన్నీ ప్రశ్నలే. కూరలో పులుపు ఏది వేశారు? సారంగు నీలందా, గళ్ళదా? పెద్ద దొర ఎంతసేపు టోపీ తీసి నిలబడ్డాడు? ఆఖరి ప్రశ్న, ఎవరు ఏడ్చారు? టీచరు కాబట్టి నిజమే రాయాలి మేడం, అని కింద ఒక గీత. నేను నిజమే రాశాను. ఎవరూ ఏడవలేదు, వరస దొరకలేదు అని. ఈసారి కార్డు ఒక్కటే వచ్చింది. "తొందరేమీ లేదు, ఆలోచించుకోమనండి."

అది చదివి వినిపిస్తే మూడో అప్పలమ్మ నోట్లో తమలపాకు కారిపోయేటట్టు నవ్వింది. ఇది జరిగి ఆరేళ్ళు.

మొన్న శనివారం ఇంక దాచలేక వెళ్ళాను. ఇప్పుడు ఆవిడకి కల్లం పని లేదు, లైను ముందు కూర్చుని ఎవరి పిల్లలకో తల దువ్వుతూ ఉంటుంది. చెప్పాను.

"పుస్తకంలోనా?" అంది.

"కాదత్తా. నిజంగానే."

దువ్వెన పక్కన పెట్టింది. పిల్లని లేపి లోపలికి పొమ్మంది. నా వంక చూసింది, నేను మళ్ళీ ఏదైనా మెత్తగా చెప్తున్నానేమో అన్నట్టు. తరవాత రెండు చేతులూ నేల మీద ఆనించి, ఆ వయసులో అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, "ఓ నా బదులు పోయినోడా!" అని ఎత్తుకుంది. "నా బదులు పోయినోడా! నన్నుంచి నువ్వెల్లిపోయినావా!" లైన్లలో ఆడవాళ్ళంతా బయటికొచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్ళకి ఆయన ఆ వరస కాదు, అందుకని వాళ్ళు మాటలు లేకుండా ఊరికే ఏడ్చారు.

ఆవిడ అలిసిపోయేదాకా పక్కనే ఉండి ఇంటికొచ్చి కాగితం తీసుకున్నాను. ఆయన అడిగిన ఆఖరి ప్రశ్నకి నేనిచ్చిన జవాబు ఇప్పుడు తప్పైపోయింది. తప్పు కనబడితే దిద్దకుండా ఉండడం నాకు చేతకాదు. చదివే మనిషి లేడని తెలిసే పాత అడ్రసుకి ఒక్క వాక్యం రాశాను. మూడో అప్పలమ్మ ఏడ్చింది.